గొలుసు రెబెకమ్మ చూపించిన కాలవ

రెబెకమ్మ ఉదయగిరి సర్వే ఆఫీసులో ఉద్యోగంలో చేరిన రోజున అక్కడి పెద్ద గుమాస్తా ఆర్డరు కాగితాన్ని రెండుసార్లు చదివి, కళ్లజోడు మీదుగా ఆమె వైపు చూశాడు.

"చైన్‌మన్ అని ఉండాది గదమ్మా ఇందులో. నువ్వు చైను పడతావేమో గానీ, మన్ ఎట్టా అవుతావు?"

గదిలో ఉన్న నలుగురూ నవ్వారు. అప్పటికి ఆమెకు ముప్పై ఒక్కేళ్లు. చంకలో నాలుగేళ్ల కూతురు విజయకుమారి. భర్త యేసుబాబు అదే ఆఫీసులో చైన్‌మన్‌గా చేస్తూ పచ్చకామెర్లతో పోయి ఐదు నెలలైంది. ఎనిమిదో తరగతి పాసైన కాగితం ఉండబట్టి ఆ ఉద్యోగం ఆమెకిచ్చారు.

"ఎట్టా అవ్వాల్నో మీరే నేర్పించండి సార్. అవుతాను" అంది రెబెకమ్మ. నవ్విన వాళ్లు మళ్లీ తమ కాగితాల్లోకి తలలు దించుకున్నారు.

నేర్పించింది సర్వేయరు సైమన్. మాట మోటు, పనిలో నిక్కచ్చి మనిషి. ఉదయగిరి కొండ కింద అంతా గరపనేల, కంపచెట్లు. మొదటి వారం రెబెకమ్మ పొలాలు కొలిచే గొలుసు కొస పట్టుకుని నడుస్తూ, కంప అడ్డొచ్చిన చోట పక్కకు తప్పుకుంది. సైమన్ వెనక నుంచి కేకేశాడు. "ఏందిమే, యాడికి పోతుండావు? కంపకు భయపడి చుట్టు తిరిగితే రైతు పొలం రోడ్డు మీదకొస్తుంది. దాంట్లోంచే పో!" ఆమె కొంగు బిగించి దాంట్లోంచే పోయింది. ఆ సాయంత్రం విజయకుమారి తల్లి కాళ్లలో ముళ్లు తీస్తూ లెక్కపెట్టింది. ఆ పిల్ల అంకెలు నేర్చుకున్నది అట్లాగే అని తర్వాత తర్వాత రెబెకమ్మ నవ్వుతూ చెప్పుకునేది.

ఇరవై ఏడేళ్లు ఆమె ఆ పని చేసింది. ఉదయగిరి, కలువాయి, కొండాపురం, అనుమసముద్రంపేట, చివరికి ఆత్మకూరు. లింకు అంటే గొలుసులో ఒక కణుపు, జానెడుకు కాస్త తక్కువ. ఆమె అడుగు సరిగ్గా మూడు లింకులు పడేది. ఏ గట్టు కింద ఏ సర్వే రాయి ఉందో, దాన్ని ఎవరు పీకి ఎక్కడ పారేశారో ఆమెకు తెలుసు. రాయడం అంతంతమాత్రమే గానీ, ఒకసారి నడిచిన నేల ఆమెకు మరుపు వచ్చేది కాదు. జనం ఆమెను గొలుసు రెబెకమ్మ అన్నారు. ఆ పేరు విని ఆమె మెడలో బంగారం కోసం వెతికిన వాళ్లకు పూసల దండ కూడా కనిపించేది కాదు.

రిటైరయ్యాక ఆత్మకూరు పాత మార్కెట్ వెనక సందులో, మామగారు కట్టిన ఇంట్లోనే ఉండిపోయింది. ముందు గది, వెనక గది, వంటిల్లు. విజయకుమారి కొండాపురంలో టీచరు. శనివారం సాయంత్రం వచ్చి, ఆదివారం తల్లితో కలిసి బాప్టిస్టు చర్చికి పోయి, సోమవారం తెల్లవారి బస్సుకు బయలుదేరేది. రెబెకమ్మకు ఆ ఏర్పాటు బాగుంది. వారానికి ఐదు రోజులు రేడియో ఆమెది, రెండు రోజులు కూతురిది.

బాగాలేనిది ఒక్కటే. ఏటా కార్తీకంలో వాయుగుండం పట్టిందంటే మార్కెట్ మోకాలి లోతు నీళ్లలో మునిగేది. కూరగాయలమ్మే మాలకొండమ్మ తన గంపలను గోడల మీదకెక్కించి, తానూ ఎక్కి కూర్చునేది. పైనున్న పడమటి మిట్ట నుంచి వచ్చే నీళ్లు మార్కెట్లోకి దిగి, పోయే దారి లేక మూడు రోజులు నిలిచి, కుళ్లిన టమాటాల వాసనతో ఎండేవి.

ఊరు మున్సిపాలిటీ అయి పదేళ్లు దాటింది. పాత ఊరిని బాగుచేసే ప్లాను ఒకటి తయారైందనీ, కమ్యూనిటీ హాల్లో జనానికి చూపిస్తారనీ ఆటోలో మైకు పెట్టి చెప్పారు. రెబెకమ్మ ఇస్త్రీ చీర కట్టుకుని పోయింది.

గోడంత ఫ్లెక్సీ మీద రంగురంగుల మ్యాపు. కొత్త మార్కెట్ షెడ్డు, ఆటోస్టాండు, మరుగుదొడ్లు, వెడల్పు చేసిన రోడ్డు. రోడ్డుకు రెండు పక్కలా రెండు పెద్ద డ్రెయిన్లు. ఆ డ్రెయిన్ల కోసం తూర్పు వరసలో పదకొండు కొట్లు పోతాయట. కొట్ల వాళ్లు ముందు వరసలో మొహాలు వేలాడేసుకుని కూర్చున్నారు. హైదరాబాదు నుంచి వచ్చిన కుర్ర ఇంజినీరు ఒక కర్రతో అన్నీ చూపించాడు. ఆ ప్లాను గీసిన కంపెనీ మనిషి అతను. పక్కన వార్డు ప్లానింగ్ సెక్రటరీ రజిత నిలబడి ఉంది. ఉద్యోగానికి కొత్త. జనం అడిగేవన్నీ చిన్న పుస్తకంలో రాసుకుంటోంది.

రెబెకమ్మ లేచి మ్యాపు దగ్గరికి నడిచింది. కొంతసేపు చూసింది.

"ఇందులో కాలవేదీ సార్?"

"ఈ నీలం గీతలేనమ్మా."

"అవి మీరు కట్టబొయ్యేవి. ఉండే కాలవేదీ అంటున్నా."

వెనక నుంచి కేశవ అందుకున్నాడు. రెబెకమ్మ ఇంటి పక్కిల్లే అతనిది. ముందు గదిలో కుట్టుమిషను పెట్టుకున్న టైలరు. "ఉండే కాలవంటే మన సందులో మురుగ్గుంటేనా పిన్నమ్మా?"

హాలంతా గొల్లుమంది. ఇంజినీరు కూడా నవ్వి, "డ్రోనుతో ఫొటోలు తీసి గీశామమ్మా. ఇక్కడ కాలవ లేదు" అన్నాడు.

"పైనుంచి చూస్తే రేకులే గదా నాయనా కనపడేది" అంది రెబెకమ్మ. "కాలవ వాటి కింద ఉండాది."

రజిత రాయడం ఆపి తలెత్తింది.

మరుసటి రోజు పొద్దున ఆ అమ్మాయి భుజాన ఒక కర్ర, దాని నెత్తిన తెల్లటి గిన్నెలాంటి మిషనుతో రెబెకమ్మ ఇంటి ముందుకొచ్చింది. రోవర్ అంటారట దాన్ని. ఎక్కడ నిలబెడితే అక్కడి కొలత ఆకాశం నుంచి తెచ్చిపెడుతుంది.

"కాలవ ఉందన్నారు కదమ్మా. చూపించండి."

ఇద్దరూ పడమటి మిట్ట దాకా పోయారు. పాత రైస్‌మిల్లు వెనక పిచ్చిమొక్కల్లో రెబెకమ్మ కాలితో రెండుసార్లు తట్టి, "ఇదో ఒకటి" అంది. మట్టి గీకితే కాలవ హద్దు రాయి నెత్తి కనిపించింది. అక్కడ నుంచి ఆమె లెక్కపెడుతూ నడిచింది. ఎవరైనా పలకరిస్తే చెయ్యెత్తి ఆగమనేది గానీ నోరు తెరవలేదు. టీకొట్టు దగ్గర ఆగి, ఆ కొట్టాయన చేత నీళ్ల డ్రమ్ము జరిపించింది. డ్రమ్ము కింద రెండోది. ట్రాన్స్‌ఫార్మర్ దిమ్మె పక్కన మూడోది. ప్రతిచోటా రజిత రోవర్ పెట్టి, ఫోన్లో చూసుకుని, కళ్లు పెద్దవి చేసింది.

"వరస కలుస్తోందమ్మా! పది అడుగుల కాలవ ఇది. మిట్ట మీద నీళ్లన్నీ మార్కెట్ వెనక నుంచి వాగులోకి పోవడానికే ఉంది. దీన్ని తెరిస్తే రోడ్డు పక్కన అంత పెద్ద డ్రెయిన్లు అక్కర్లేదు. ఆ కొట్లూ పోవు. నాలుగో రాయి ఎక్కడ?"

రెబెకమ్మ సందులోకి తిరిగింది. ఇంక లెక్కపెట్టలేదు. తన ఇంటి ముందు ఆగి, తాళం తీసి, "లోపలికి రా" అంది.

ఇరవై ఏళ్ల కిందట పట్టణం కొలతలు తీసేటప్పుడు ఇదే వరసలో ఆమె, సైమన్ నడిచారు. ఇదే గుమ్మం ముందు సైమన్ పుస్తకంలోకి చూసి, ఇంట్లోకి చూసి, చాలాసేపు గడ్డం గోక్కున్నాడు. "రాయి మీ ముందర గదిలో ఉండాదే రెబెకమ్మా. మీ మామ కాలవ మీద కట్టినాడు. ఒక్కడేనా, ఈ సందులో ఎనిమిది ఇళ్లూ ఇట్టనే ముందుకొచ్చినాయి. ఉన్న ఒక్క కొంపా పడేసుకుని పిల్లను ఏడ పెట్టుకుంటావు? కనపడలేదని రాస్తాలే." ఆ రాత్రికే ఆమె ఆ రాతి మీదికి బీరువా జరిపింది. విజయకుమారికి టీచర్ ట్రైనింగులో సీటు వచ్చిన ఏడాది అది.

ఆ తర్వాత పద్నాలుగేళ్ల ఉద్యోగంలో, "నీ గోడ అడుగున్నర బయటికొచ్చింది పెద్దాయనా" అని ఏ రైతుకు చెప్పాల్సి వచ్చినా ఆమె గొంతు తగ్గేది. నిక్కచ్చిగా ఉండే రెబెకమ్మ ఆ ఒక్క మాట దగ్గర మెత్తబడుతుందేమని ఎవరికీ తెలియలేదు.

ఇద్దరూ కలిసి బీరువా జరిపారు. నాపరాయి లేపితే, కింద బాణం గుర్తు చెక్కిన సర్వే రాయి పొడిగా, నిన్న పాతినట్టు ఉంది.

రజిత రాయి పక్కన గొంతుక్కూర్చుంది. "అమ్మా, నేనిది ఎక్కించానంటే మళ్లీ తీసెయ్యలేను. ఈ గది పోతుంది. పక్కిళ్లవీ పోతాయి. ఒక వారం ఆలోచించుకోండి."

"ఇరవై ఏళ్లు ఆలోచించినాను. రాయి."

నేలలోని రాయి గురించి అంటోందో, రాసుకోమంటోందో రజితకు క్షణంపాటు తెలియలేదు. తెలిశాక పెన్ను తీసింది.

సందులో వార్త పాకడానికి పూట కూడా పట్టలేదు. కేశవ మెడలో టేపు అట్లాగే వేసుకుని వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"నీ గది పోతే రెండు మంచాలు లోపలికి జరుపుకుంటావు పిన్నమ్మా. నా గది పోతే నా మిషను యాడ పెట్టాల? నిన్నెవరైనా అడిగినారా? అడక్కుండా చెప్పాల్సిన పనేంది నీకు?"

"మ్యాపులో కాలవ లేకపోతే నా కంటికి ఆగలేదు రా."

"ఇన్నేళ్లు ఎట్టా ఆగింది?"

"తప్పే" అంది. కేశవ ఇంకా చాలా అనడానికే వచ్చాడు గానీ, ఆ ఒక్క మాటతో వెళ్లిపోయాడు. పది రోజులు ఆ వైపు చూడలేదు. మిగతా ఇళ్లవాళ్లూ కుళాయి దగ్గర ఆమె రాగానే మాటలు ఆపేవారు. మాలకొండమ్మ ఒక్కతే సందు మొదట్లో నిలబడి అందరికీ వినపడేలా, "ఏడాదికోసారి గోడెక్కి కూర్చునేది నేను. మీరు కాదు. మాట్లాడితే నాతో మాట్లాడండి" అని అరిచిపోయింది.

శనివారం విజయకుమారి వచ్చింది. గది మధ్యలో బీరువా, పక్కకు లేపిన నాపరాయి చూసి సంచి కింద పెట్టకుండానే నిలబడిపోయింది.

"నాకొక మాట చెప్పక్కర్లేదా అమ్మా?"

"చెప్తే వద్దంటావని."

"అననా మరి! తాత కట్టిన ఇల్లు!"

ఆ పూట ఇద్దరూ సరిగా తినలేదు. మరునాడు చర్చి నుంచి వస్తూ దారిలో విజయకుమారే అడిగింది. "ఇన్నేళ్లూ నా కోసమే చెప్పలేదా?" రెబెకమ్మ అవునని తలూపింది. కూతురు తల్లి చేతిలోని బైబిలు సంచి తీసుకుని తన భుజాన వేసుకుంది. ఇంటికి రాగానే చీర మార్చుకుని, వెనక గదిలో బీరువా పట్టే జాగా టేపుతో కొలవడం మొదలెట్టింది.

ఇంజినీరు మళ్లీ వచ్చాడు. ఈసారి నవ్వలేదు. మూడో రాయికీ నాలుగో రాయికీ మధ్య గీత గీసి, దాన్నే తిన్నగా ముందుకు పొడిగించి, గోడల మీద ఎర్ర రంగు గుర్తులు వేయించాడు. ఆ గీత ప్రకారం కేశవ ముందు గది మొత్తం పోతుంది. రెబెకమ్మ గుర్తులు చూసి ఆగమంది.

"కాలవ ఇట్టా తిన్నగా పోదు సార్. నా ఇల్లు దాటినాక ఎడంగా వంగుద్ది. అయిదో రాయి సందు మధ్యలో ఉండాది. కేశవది మెట్లూ అరుగే పోతాయి, గది పోదు."

"పాత సర్వే షీటులో చూద్దాం" అన్నాడు ఇంజినీరు. రజిత నెల్లూరు రికార్డు రూము నుంచి ఆ షీటు నకలు తెప్పించింది. అందులో కాలవ ఉంది, పది అడుగుల వెడల్పూ ఉంది. కానీ సరిగ్గా కేశవ ఇల్లు ఉండే మూలను చెదలు తినేసింది.

"కాగితం లేదు గదమ్మా. మీ మాట మీద ప్లాను మార్చలేను" అన్నాడతను. మంచిగానే అన్నాడు.

"మాట మీద వద్దు. తవ్వించండి."

మంగళవారం పొద్దున, రెబెకమ్మ అడుగులు లెక్కపెట్టి చూపించిన చోట ఇద్దరు కూలీలు సందులో గొయ్యి తీశారు. సందు జనమంతా అరుగుల మీద చేరారు. కేశవ మాత్రం లోపల మిషను తొక్కుతూనే ఉన్నాడు. నడుము లోతు పోయినా రాయి లేదు. ఇంజినీరు వాచీ చూసుకున్నాడు. ఎవరో వెనక నుంచి, "వయసైపోలా, మర్చిపోయుంటది" అన్నారు. రెబెకమ్మ తన గుమ్మంలోకి పోయి, నాలుగో రాయి మీద మడమ పెట్టి, మళ్లీ నడిచింది. గొయ్యి దగ్గరికి రాకముందే ఆగిపోయింది. అడుగు తగ్గింది! మోకాలి నొప్పులు మొదలయ్యాక తన అడుగు మూడు లింకులు పడటం లేదు. మిగతా రాళ్లకు టీకొట్టు, దిమ్మె లాంటి గుర్తులుండబట్టి సరిపోయింది గానీ, ఏ గుర్తూ లేని ఈ ఒక్క చోట ఆ తేడా బయటపడింది.

"టేపియ్యండి సార్. మీరు ఆ కొస పట్టుకోండి. బిగదీసి పట్టాల. వదులుగా పట్టినారంటే కాలవ పోయి కేశవ మంచం కింద దూరుద్ది."

ఇంజినీరు బూట్లతో గుమ్మంలో మోకాళ్ల మీద కూర్చుని, రాయి మీద టేపు కొస నొక్కి పట్టాడు. రెబెకమ్మ కొంగు బిగించుకుని, గొయ్యి అంచు మీదుగా తిన్నగా నడిచి, నాలుగడుగుల అవతల గడ్డపారతో గీత గీసింది. కూలీలు మళ్లీ మొదలెట్టారు. పాత సిమెంటు, దాని కింద కంకర, దాని కింద నల్లమట్టి. మిషను చప్పుడు ఎప్పుడు ఆగిందో ఎవరూ గమనించలేదు. కేశవ గుమ్మంలో నిలబడి ఉన్నాడు. గడ్డపార ఖణేల్‌మంది.

కూలీ చేత్తో మట్టి తుడిచాడు. అదే బాణం గుర్తు. రజిత గోతిలోకే దిగి రోవర్ పెట్టింది. "వంపు ఉంది సార్. అమ్మ చెప్పినట్టే ఉంది."

కేశవ లోపలికి పోయి, చెంబుతో మంచినీళ్లు తెచ్చి రెబెకమ్మకిచ్చాడు.

"అరుగు పోద్ది రా" అంది ఆమె తాగి.

"పోనీలే పిన్నమ్మా. దాని మీద కూర్చుని పని చెడగొట్టేవాళ్లే ఎక్కువ."

ప్లాను మారడానికి మూడు నెలలు పట్టింది. పదకొండు కొట్లూ నిలిచాయి. కాలవ వెంబడి ఎనిమిది ఇళ్లకు ముందు భాగాలు పోవాలని తేలింది. నోటీసు వచ్చే దాకా రెబెకమ్మ ఆగలేదు. ఇద్దరు మేస్త్రీలను పిలిచి తన ముందు గది తానే విప్పించింది. దూలాలు, తలుపు, కిటికీ భద్రంగా తీయించి, ఆ తలుపునే వెనక గదికి పెట్టించింది. ఆమె ఇల్లు విప్పడం చూశాక మిగతా వాళ్లు గొణుక్కుంటూనే ఒక్కొక్కరే మొదలెట్టారు. చివరి ఇంటాయన మాత్రం కోర్టుకు పోయాడు. ఆ కేసు ఇంకా నడుస్తోంది. ఆయన ఇంటి దగ్గర కాలవ పైపులో దూరి, దాటాక మళ్లీ బయటికొస్తుంది. ఆయనకూ రెబెకమ్మకూ మాటల్లేవు. ఎదురుపడితే ఆమే ముందు పలకరిస్తుంది, ఆయన దగ్గుతాడు.

ఆ కార్తీకంలో వాయుగుండం మధ్యాహ్నం పూట పట్టింది. రెబెకమ్మ ముందు గది పోగా మిగిలిన రెండడుగుల వరండాలో ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కూర్చుంది. మొదట చినుకులు, తర్వాత కుండపోత. గంట గడిచాక మిట్ట నుంచి ఎర్రటి నీళ్లు దిగాయి. రైస్‌మిల్లు వెనక నుంచి, టీకొట్టు పక్క నుంచి, ఆమె కాళ్ల ముందు నుంచి నురగలు కక్కుతూ పోయి, కేశవ ఇంటి దగ్గర ఎడంగా వంగాయి.

"పోతుండాయే పిన్నమ్మా!" కేశవ కిటికీలోంచి చెయ్యి ఊపాడు.

సాయంత్రానికి వాన తెరిపిచ్చింది. మాలకొండమ్మ చీర అంచు కూడా తడవకుండా మార్కెట్ నుంచి వచ్చి, రెబెకమ్మ ఒళ్లో వంకాయలు పోసి కూర్చుంది. కొండాపురం నుంచి విజయకుమారి ఫోను చేసింది.

"ఇంట్లోకి నీళ్లొచ్చినాయా అమ్మా?"

"రాలా. మాలకొండమ్మ వచ్చింది."

నాలుగు రోజులకు రజిత స్కూటరు మీద వచ్చింది. పాత బస్టాండు వెనక రెండో ప్లాను మొదలవుతోందట. అక్కడ పూర్వం బాట ఉండేదని ముసలివాళ్లు అంటున్నారు, మ్యాపులో లేదు.

"ఉండాది" అంది రెబెకమ్మ. "కానీ రేపు ఆదివారం, చర్చికి పోవాల. సోమవారం ఎనిమిదికల్లా రా. ఎండెక్కితే నా మోకాళ్లు మాట వినవు. టేపు తెచ్చుకో, నా అడుగును నమ్మొద్దు."

రజిత పుస్తకం తీసి ఎనిమిది గంటలని రాసుకుంది. రెబెకమ్మ ఆమెను కూర్చోబెట్టి, వంకాయ కూర కలిపిన అన్నం పళ్లెం చేతికిచ్చింది.